శుక్రవారం పది నలభై

తమ్ముణ్ణి పది నలభైకి లోపలికి పిలిచారు, తలుపు పది నలభై రెండుకి మూసుకుంది, రెండు నిమిషాలు లేటు అనుకుంది చార్టమ్మ చేతి గడియారం చూసుకుంటూ. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా బస్సు డిపోలో ఎవరు ఏ బండి ఎక్కాలో, ఎవరి సెలవు ఎవరికి మార్చాలో డ్యూటీ చార్టు వేసేది ఆమే కాబట్టి డ్రైవర్లు పెట్టుకున్నారు, అదే స్థిరపడిపోయింది, ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పక్కవాళ్ళనేమో అనుకుని తిరిగి చూడదు. అంత పేరు మోసిన మనిషి ఆసుపత్రి రెండో అంతస్తులో, పళ్ళ విభాగం ముందు, ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం మీద స్కేలు పెట్టి గీతలు కొడుతోంది. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం సాయంత్రం దాకా. సోమవారం ఏడింటికి వార్డులో చేరాలి. మంగళవారం పొద్దున తమ్ముడి నాలుక తీసేస్తారు. సగానికి పైనే పోతుంది, ఎంతన్నది లోపల చూశాక తేలుతుంది అన్నాడు పెద్ద డాక్టరు, జాకెట్టు చేతులు ఎంత కురచ చెయ్యాలో దర్జీ చెప్పినట్టు. మాట వస్తుందా అంటే వస్తుంది, ఇప్పటిలా కాదు అన్నాడు. రుచి తెలుస్తుందా అంటే ముందు బతకడం సంగతి చూద్దామమ్మా అన్నాడు. నిజమే, ఆయన్ననడానికేముంది, కానీ ఆ మాట అన్న మనిషికి మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారియర్ వస్తుంది కదా, విప్పుకుని తింటాడు కదా, ఏంటి ఇవాళ ఉప్పు తక్కువైంది అని పెళ్ళాం మీద విసుక్కుంటాడు కదా.

తమ్ముడు టూరిస్టు బస్సు గైడు. పైకప్పు లేని బస్సులో ముందు సీటుకి వీపు ఆనించి నిలబడి, మైకు పట్టుకుని, పద్నాలుగేళ్ళుగా ఈ నగరాన్ని కొత్తవాళ్ళకి చూపిస్తున్నాడు. శని ఆదివారాలొస్తే తిండి టూరు, పాటల టూరు, రాత్రి దీపాల టూరు. ఏ కొట్లో చేప ఎప్పుడు పెనం మీద పడుతుంది, ఏ సందులో రొట్టె పొద్దున ఆరింటికి పొయ్యిలోంచి దిగుతుంది, ఏ మేడ మీద పాడే ముసలాయన మూడో పాటకి గాని గొంతు విప్పడు, అన్నీ వాడి నోట్లోనే ఉంటాయి. ఉంటాయి అనుకోవాలి, మంగళవారం దాకా ఉంటాయనే అనుకోవాలి. జనాన్ని కొట్టు ముందు దింపి నలభై ఐదు నిమిషాలు, మొహమాటపడకుండా తినండి అని, తను మాత్రం బస్సులోనే కూచుని అక్క కట్టిచ్చిన డబ్బా విప్పుకునేవాడట. ఒక్కసారీ దిగలేదట! ఆ సంగతి రిపోర్టు వచ్చిన రోజు బయటపడింది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే, వాడు ఏడుస్తాడేమో, ఏడిస్తే ఏం చెయ్యాలో అని ఆమె గుండె చిక్కబట్టుకుని చూస్తుంటే వాడు పకపకా నవ్వాడు. "అక్కా, ఆ చేప ఎలా ఉంటుందో నాకు తెలీదే. పైన కరకర, లోపల వెన్న అని పద్నాలుగేళ్ళ నుంచీ మైకులో కోతలు కోస్తున్నా," అన్నాడు. ఆమె కూడా నవ్వింది, నవ్వి వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది. ఎందుకంటే ఆమె వాడి బస్సు ఒక్కసారీ ఎక్కలేదు. రావే అక్కా, ఒక్కసారి వచ్చి విను, నీ తమ్ముడు ఎలా మాట్లాడతాడో అంటే, వచ్చే వారం వస్తాలేరా, ఇద్దరు డ్రైవర్లు సెలవు పెట్టారు అనేది. ఊరి బస్సులన్నీ రోడ్డెక్కించే మనిషి, తమ్ముడి బస్సెక్కడానికి తీరిక లేదు! ఎంత గొప్ప తీరికలేనితనం!

అందుకని ఈ ప్లాను. వాళ్ళ ఊళ్ళోనే వాళ్ళు కొత్తవాళ్ళలా తిరగాలి. ఇంటికి మూడు మైళ్ళ దూరంలో హోటల్లో రెండు గదులు తీసుకుంది, విన్నవాళ్ళు నవ్విపోతారు, పోనీ. ఇల్లు గుర్తుకొస్తే గంజి గుర్తుకొస్తుంది, గంజి గుర్తుకొస్తే రోగం గుర్తుకొస్తుంది. రెండు నెలలుగా వాడికి ఆకలన్నదే లేదు, గడియారం చూసి తాగిస్తే తాగుతాడు, నాలుక పక్కన పుండుకి గోరువెచ్చనివి తగిలినా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నర్సుల్లో ఒకామె దయ తలచి తిమ్మిరి మందు రాయించింది, వేలితో పుండు మీద రాసుకుంటే ఐదు నిమిషాలకి పని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు నొప్పి తెలియనివ్వదు. ఇరవై నిమిషాలు! చార్టమ్మకి అది చాలు. ఆరు ఇరవైకి మందు, ఆరు ఇరవై ఐదుకి కొట్లో కూచోవడం, ఆరున్నరకి చేప వేడివేడిగా రావాలి, కొట్టాయనకి ఫోన్లో మూడుసార్లు చెప్పింది, నాలుగోసారి ఆయనే అమ్మా మీరేమైనా మంత్రిగారి తాలూకా అని అడిగాడు. శనివారం పొద్దున రొట్టె, వెన్న. పన్నెండున్నరకి బొగ్గుల మీద కాల్చిన కోడి, ఎముక లేనిది. నాలుగింటికి టూరు బస్సు, డ్రైవరుతో మాట్లాడింది, ఒక్క గంట మైకు తమ్ముడికిస్తాడు, ఆమె ముందు సీట్లో ఫోను పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేస్తుంది, ఎన్ని కోతలు కోస్తే అన్నీ. రాత్రి ఎనిమిదింటికి మేడ మీద ముసలాయన పాట, మూడో పాటకి ముందు చేరితే చాలు, ఐదో పాట తర్వాత తెలిసినవాళ్ళని పాడనిస్తారు, తమ్ముడు పాడతాడు. వాడు పాడితే అంత గొప్పగా ఏం ఉండదు, అసలు శ్రుతి ఓ వీధిలో వాడో వీధిలో ఉంటారు, ఆ పాటే కావాలి ఆమెకి, ఆ వీధి తప్పిన పాటే. ఆదివారం నది ఒడ్డున ఐస్‌క్రీం, ఆ తర్వాత రాత్రి ఒంటిగంట దాకా దీపాల వీధి, నడుస్తూ, కూచుంటూ, మళ్ళీ నడుస్తూ.

సోమవారమే అడ్డం తిరిగింది. సోమవారం పదకొండింటికి పళ్ళ పరీక్ష అని రాసిచ్చారు. పదకొండంటే పన్నెండవుతుంది, పన్నెండంటే ఒంటిగంట, వచ్చి స్నానాలు చేసి సంచీ సర్దేసరికి రోజు గంగలో కలిసినట్టే. చార్టమ్మ ఊరుకుంటుందా, ఆమె చేతికి ఖాళీ గడి కనపడితే దురద పెడుతుంది. ఫోను చేసింది, ఎవరో అమ్మాయి ఎత్తింది, ముందుకి జరపడానికి వీలుంటుందా తల్లీ అంది, ఆ అమ్మాయి చూసి శుక్రవారం పది నలభైకి ఒకటి ఖాళీ ఉందండీ అంది. చూశావా! ఒక్క ఫోనుతో పూట పూటంతా మిగిలింది. ఆ మిగిలిన పూటలో ఏం పెట్టాలో ఇంకా తేలలేదు, అందుకే స్కేలు, అందుకే గీతలు, సోమవారం ఎనిమిదిన్నరకి మళ్ళీ రొట్టెల కొట్టా, లేకపోతే బజారు వెనక పాయసం లాంటిదేదో చేస్తుందట ఒక ముసలమ్మ, ఆమె దగ్గరికా, వాడే చెప్పాడు ఏదో పేరు, వాడొచ్చాక అడగాలి. ఆ పూట దొరికినందుకు రెండు రోజుల నుంచీ లోలోపల మురిసిపోతోంది, బుర్రంటే నాది అని. ఈమె బుర్ర తగలెయ్య.

గులాబీ రంగు కోటు వేసుకున్న నర్సు బయటికొచ్చి, కుర్చీలన్నీ చూసి, మీరేనా ఆయన తాలూకా అని అడిగి, చేతిలో కాగితం పెట్టింది. వెళ్ళేటప్పుడు ఇవ్వాల్సింది, తర్వాత రద్దీ అవుతుంది, ఇప్పుడే ఉంచుకోండమ్మా అంది. చార్టమ్మ అట్ట కిందికి దోపబోయి, పైన అక్షరాలు కళ్ళపడి ఆగింది. పళ్ళు తీయించుకున్నవారికి సూచనలు. ఎవరిదో నాకిచ్చిందే అనుకుంది, పాపం ఎవరికో పళ్ళు తీస్తున్నారు అనుకుంది, అనుకుంటూనే చదివింది, ఆమెకి అచ్చు కాగితం కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు. మూడు రోజులు వేడివి, కారంవి, నమిలేవి తినకూడదు. మొదటి రోజు చల్లని ద్రవాలు మాత్రమే, స్పూనుతో, నోరు ఎక్కువ తెరవకుండా. పుక్కిలించకూడదు, ఊదకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, వీలైతే అసలు మాట్లాడకూడదు. రెండో రోజు, మూడో రోజు వాపు పెరుగుతుంది, కంగారు పడవద్దు. కింద పెన్నుతో రాసిన తమ్ముడి పేరు, నంబరు, ఇవాళ్టి తేదీ. పేరు రెండుసార్లు చదివింది, మూడోసారి వేలు పెట్టి చదివింది. తర్వాత లేచింది, ఒళ్ళోని అట్ట కింద పడింది, స్కేలు జారుకుంటూ ఎదుటివాళ్ళ కుర్చీ కిందికి పోయింది.

"ఇది మాది కాదమ్మా. మా తమ్ముడికి పరీక్షే."

"పరీక్షేంటండీ, నాలుగు తీయాలి. పుచ్చినవి అలా ఉంటే రేపు ఆపరేషన్ గాయానికి చీము పట్టేస్తుందని పెద్ద డాక్టరుగారే రాశారు. సోమవారం ఉండాల్సింది, మీరే కదా ముందుకి జరిపించుకుంది? మంచి పని చేశారు, మానడానికి నాలుగు రోజులు దొరికాయి."

"ఆపండి. ఆపమని చెప్పండి. సోమవారమే వస్తాం."

"రెండు వచ్చేశాయమ్మా అప్పుడే."

"రెండు చాలు కదా! మిగతా రెండు సోమవారం..."

"చిగుళ్ళు కోశాక, కుట్లు పడ్డాక, రెండైతే ఏంటి నాలుగైతే ఏంటి? కూచోండి, మంచినీళ్ళు తాగండి."

"వాడికి చెప్పలేదా మీరు? చెప్పకుండా ఎలా పీకేస్తారు?"

"చెప్పకుండా ఎందుకు తీస్తామండీ, సంతకం పెట్టారు. ఇవాళే కావాలా, సోమవారం దాకా ఆగినా ఫరవాలేదు అని డాక్టరుగారు అడిగారు కూడా. మా అక్క తేదీ మార్పించింది, ఆమె అన్నీ చూసుకునే చేస్తుంది, కానివ్వండి అన్నారు."

ఆ మాటతో నర్సు లోపలికి పోయింది, తలుపు సందులోంచి ఒక్క క్షణం యంత్రం గీ అంటూ వినపడి మళ్ళీ ఆగిపోయింది, చార్టమ్మ కూచుంది, కూచున్న సంగతి ఆమెకి తెలీదు. ఆమె అన్నీ చూసుకునే చేస్తుంది. అయ్యో నాన్నా, అయ్యో పిచ్చి తండ్రీ, ఒక్కమాట, తలుపు తీసి తల బయట పెట్టి, అక్కా పళ్ళు పీకుతారట, ఇవాళేనా అని ఒక్కమాట అడిగితే నీ సొమ్మేం పోయేదిరా! అడగడు. వాడికేం తెలుసు, అమ్మ పోయినప్పుడు తొమ్మిదేళ్ళు వాడికి, అప్పటి నుంచి చొక్కా రంగు దగ్గర్నుంచి అన్నీ అక్కే చూసుకుంది, అక్క చూసుకుందంటే తిరుగులేదు. ఫోన్లో ఆ అమ్మాయినైనా అడిగిందా, పరీక్షంటే ఏం పరీక్ష, ఎంతసేపు, తర్వాత తినొచ్చా అని? డిపోలో కొత్త క్లీనరు వచ్చి డ్యూటీ మార్చమంటే, ఎందుకు, ఏం పని, ఎన్నింటికి తిరిగొస్తావు అని ప్రాణం తీసే మనిషి, తమ్ముడి నోట్లోకి ఏం పెట్టబోతున్నారో అడగలేదు. ఖాళీ గడి దొరికిందన్న సంబరంలో ఒళ్ళు తెలియలేదు. సోమవారం పూట కోసం శుక్రవారం, శనివారం, ఆదివారం అన్నీ తన చేత్తో తనే తీసుకెళ్ళి పళ్ళ డాక్టరుకి అప్పగించింది. ఒక పూట మిగుల్చుకుందట, మహాతల్లి!

సరే, కంగారు పడకు, చార్టే కదా, మార్చుకోవచ్చు. ఎన్ని చూడలేదు, పొద్దున నాలుగింటికి ముగ్గురు డ్రైవర్లు జ్వరమని ఫోను చేసిన రోజున కూడా ఒక్క బండి ఆగలేదు, వీణ్ణి అటు, వాణ్ణి ఇటు, స్పేరువాణ్ణి ఎక్కించి పంపింది. కింద పడ్డ కాగితం తీసి దులిపింది. చేప కొట్టెయ్. చేప బదులు చల్లటి పాలు. రొట్టె కొట్టెయ్, రొట్టె పాలల్లో నానబెట్టి మెత్తగా, కాదు, రేణువు ఇరుక్కుంటుంది, కొట్టెయ్. కోడి కొట్టెయ్. ఐస్‌క్రీం ఉండొచ్చు, ఐస్‌క్రీం ఉంది, చల్లనిదే, స్పూనుతో, ఒకటి నిలిచింది. కానీ తిమ్మిరి మందు రాయాలంటే వేలు లోపలికి పెట్టాలి, కుట్లున్న నోట్లో వేలెలా పెడతాడు, మందు లేకపోతే చల్లనిదైనా మంటే, కొట్టెయ్. బస్సు. వాపుతో బుగ్గ ఇంత పొంగి, వీలైతే అసలు మాట్లాడకూడదు, మైకు ఎవరికిస్తావు, కొట్టెయ్. పాట. కాగితంలో పాట వినకూడదని రాయలేదు, అదొక్కటీ రాయలేదు, వింటాడు, మేడ మీద కూచుని మూతికి గుడ్డ కట్టుకుని వింటాడు, ఐదో పాట తర్వాత ఆ ముసలాయన ఎవరైనా పాడతారా అని ఇటు చూస్తాడు, అప్పుడు తమ్ముడు తల అడ్డంగా ఊపుతాడు, అది ఎలా చూడాలి, మొహం ఎక్కడ పెట్టుకుని చూడాలి? పెన్ను ఆగిపోయింది. స్పేరు డ్రైవరుంటాడు గాని స్పేరు నాలుక ఉండదు. మంగళవారాన్నే జరిపితే? పెద్ద డాక్టరు కాళ్ళ మీద పడితే? ఒక్క వారం, ఒక్క వారం అయ్యా అంటే? గడ్డ వారానికి ఎంత పెరుగుతుందో ఆయన మొదటి రోజే బొమ్మ గీసి చూపించాడు, గోరంత ఉన్నది ఎంతైందో. జరపడానికి లేని తేదీ అది ఒక్కటే. జరపడానికి వీల్లేనిదాన్ని వదిలేసి, హాయిగా ఉన్నదాన్ని జరిపింది.

పోనీ గొంతు, గొంతైనా ఎక్కడో ఉండాలి కదా, ఫోన్లో ఉండాలి కదా. గబగబా ఫోను తీసి వాడు పంపిన మాటల ముక్కలు వెతికింది. మూడున్నాయి. అక్కా గేటు దగ్గరున్నా. అక్కా తాళం ఎక్కడ పెట్టావ్. అక్కా ఫోనెత్తవేంటి. ఒక్కోటి నాలుగు సెకన్లు. మిగతావేవి? వందలు వచ్చాయి, బస్సులోంచి, ఎవరో మేడమ్ పిచ్చి ప్రశ్న వేసిందని, వాన పడి జనమంతా తడిశారని, ఐదేసి నిమిషాల సోది పంపేవాడు, వాటిలో వాడి నవ్వు ఉండేది, వెనక హారన్లు ఉండేవి. ప్రతి ఆదివారం స్నానం చేసి వచ్చి ఫోను శుభ్రం చేసుకునే మనిషి ఈమె, అనవసరమైనవి ఉంచదు. మూడూ కలిపి పన్నెండు సెకన్లు. చెవికి ఆనించుకుని మళ్ళీ మళ్ళీ వింది, గేటు దగ్గరున్నా, గేటు దగ్గరున్నా, పక్క కుర్చీలో దవడకి చెయ్యి ఆనించుకున్న పెద్దాయన బయటికెళ్ళి వినండమ్మా అన్నాడు, విననట్టే ఉంది. గేటు దగ్గర. ఇందాక గేటు దగ్గర వాడు ఏదో అన్నాడు. ఆటో దిగి, కింద గేటు దాటేటప్పుడు, ఆగాడు వాడు. ఆగి ఏదో అన్నాడు. ఆమె ఏదో బదులు కూడా చెప్పింది. ఏమన్నాడు? వాడు మామూలు నోటితో, మామూలు గొంతుతో తనతో అన్న ఆఖరి మాట అదేనేమో, కాస్త నత్తితో అయినా వాడి మాటే, అది ఏమిటి? కాగితం చూస్తూ నడుస్తోంది తను, సోమవారం ఎనిమిదిన్నర గడిలో ఏం పెట్టాలా అని చూస్తోంది. గడి గుర్తుంది, పెన్ను రంగు గుర్తుంది, వాడి మాట గుర్తులేదు. గుర్తు తెచ్చుకో, గుర్తు తెచ్చుకో, ఇరవై ఎనిమిదేళ్ళ చార్టులు నోటికి చెబుతావే, ఒక్క మాట గుర్తు తెచ్చుకోలేవా! కణతలు నొక్కుకుంది. రాలేదు.

పదకొండు యాభైకి తలుపు తీశారు. తమ్ముడు తనే నడిచి వచ్చాడు, రెండు వైపులా దూది కొరికి పట్టి, పెదవి చివర ఎర్రగా చిన్న మరక, కింది పెదవి తిమ్మిరికి ఒక పక్కకి వాలిపోయి. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి, అలవాటైన కళ్ళు, బస్సెక్కినవాళ్ళు భయపడకుండా ముందు కళ్ళతో నవ్వే మనిషి. నాలుగు వేళ్ళు చూపించాడు, నాలుగూ అయిపోయాయన్నట్టు. ఆమె వాడి చొక్కా పట్టుకుంది.

"నేనే జరిపానురా. పరీక్షే అనుకున్నా. నాకు తెలీదురా. నన్ను తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యరా."

వాడు తల అడ్డంగా ఊపి, చొక్కా మీంచి ఆమె వేళ్ళు ఒక్కోటి విడదీసి, ఆ చెయ్యే తన చేతిలో ఉంచుకున్నాడు. కాగితం చూశాడు, అన్నీ కొట్టేసిన గీతలు చూశాడు, కనుబొమలు ఎగరేశాడు, ఎంత పని చేశావు అన్నట్టు కాదు, ఎంత కష్టపడ్డావు అన్నట్టు. అది ఇంకా ఘోరంగా ఉంది.

"గేటు దగ్గర ఏదో అన్నావురా పొద్దున. ఏమన్నావు?"

వాడు ఆమె వైపు చూశాడు. చూసి, పెన్ను తీసుకుని, కాగితం అంచున గుర్తులేదు అని రాశాడు. నాలుగేళ్ళ కింద బస్సెక్కిన మనిషి ఏ సీట్లో కూచున్నాడో చెప్పే వాడికి గంటన్నర కిందటి మాట గుర్తులేదట. ఇంకోసారి అడిగింది. వాడు పెన్ను మూత పెట్టి ఆమె చేతిసంచీలో వేసి, మెట్ల వైపు నడిపించాడు.

కింద ఎండ బాగా కాస్తోంది. గేటు పక్కన ఆమ్లెట్ బండి, దాని చుట్టూ ఆసుపత్రి వాళ్ళు నలుగురైదుగురు, పెనం మీద ఉల్లిపాయ చుయ్యిమంది, ఆ వాసన వచ్చి ఆమె ముక్కుకి తగిలింది. కాళ్ళు ఆగిపోయాయి. తమ్ముడు ఆగలేదు, చెయ్యి పట్టి లాగుతున్నాడు, తొందరగా పద అన్నట్టు, బండి వైపు చూడకుండా రోడ్డు వైపే చూస్తూ ఆటో కోసం చెయ్యెత్తాడు. వాడు అంత తొందరపడుతుంటే అప్పుడు తెలిసింది, అప్పుడు మొత్తం వచ్చింది, ఒక్క ముక్క పోకుండా. ఇక్కడే, ఈ రాయి మీదే నిలబడి, పది ఇరవై ఐదుకి, "అక్కా, ఆకలేస్తోందే," అన్నాడు వాడు. వాడికే నమ్మకం కుదరనట్టు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "నిజంగానే ఆకలి, రెండు నెలలైంది ఇలా వేసి. మందు జేబులోనే ఉంది, ఒక్క ఆమ్లెట్ తిని పోదామా?" అన్నాడు. బండాయన గుడ్డు చేతిలో పట్టుకుని వీళ్ళ వైపు చూశాడు కూడా. టైముంది, పదిహేను నిమిషాలుంది.

"ప్లానులో సాయంత్రం ఆరున్నరకి చేప ఉంది కదరా, ఇప్పుడు తింటే అది పాడవుతుంది, అప్పటిదాకా ఆగు," అంది తను, కాగితం మీంచి తలెత్తకుండా.

"సరేలే అక్కా," అన్నాడు వాడు.